చిరునామా గడి

ఇంటి బయట నేను మొదటిసారి ఒక మనిషిని కొట్టింది ఒక రిజిస్టర్ కోసం. కొట్టింది ఆడపిల్లను. చెంప మీద, అరచేత్తో, నలభై మంది చదువుకుంటున్న హాల్లో. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మాది పాలమూరు వైపు పల్లె. నాయన తాపీ పనికి పట్నం వచ్చి కవాడిగూడలో ఒక బస్తీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. మా ఇంట్లో చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. నాయన అమ్మను కొట్టేవాడు, అమ్మ నన్ను కొట్టేది, నేను చెల్లెలిని కొట్టేదాన్ని. దెబ్బలు తిన్నవాళ్లు కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని అన్నానికి వచ్చేవాళ్లు. దెబ్బ అంటే అంతేననుకుంటూ పెరిగాను. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి రోజూ నడిచి అశోక్ నగర్ వెళ్లేదాన్ని.

అక్కడ ఒక సందులో, జిరాక్స్ షాపు పైన, మా చదువుల సంఘం ఉండేది. కోచింగ్ సెంటర్లలో చేరలేని వాళ్లం కలిసి పెట్టుకున్నాం. ఒక పొడుగాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు భారతదేశ పటం, మూలన నీళ్ల క్యాను. ప్రతి ఆదివారం మాలో మేమే ప్రశ్నపత్రం తయారు చేసుకుని పరీక్ష రాసేవాళ్లం. పేపరు చేత్తో రాసి జిరాక్స్ తీయించే పని నాది, నా రాత గుండ్రంగా ఉంటుందని.

ఆ హాల్లో ఎవరినీ పేరుతో పిలిచే అలవాటు లేదు. వాళ్ల వాళ్ల జిల్లా పేరుతోనో మండలం పేరుతోనో పిలిచేవాళ్లం. నేను పాలమూరు అక్కను. నా పక్క కుర్చీ అతను నల్లగొండ అన్న. రెండేళ్లు పక్కపక్కన కూర్చుని చదివినా అసలు పేర్లు తెలియని వాళ్లం చాలామందిమి. అదేదో గొప్ప దగ్గరితనం అనుకునేవాళ్లం.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఒక బంద్ నాడు హాలు నుంచి ఇరవై మందిమి నారాయణగూడ చౌరస్తాకు నడిచాం. నినాదాలు ఇంకా మొదలు కాకముందే లాఠీలు వచ్చాయి. ఒకటి నల్లగొండ అన్న కనుబొమ్మ మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడయింది. అతను కూర్చున్నట్టుగా కింద పడ్డాడు, పడ్డాక మళ్లీ కొట్టారు. నా భుజం మీద ఒకటి పడేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మనుషులను తొక్కుకుంటూ చిక్కడపల్లి వైపు పరుగెత్తాను. నా కాలి కింద ఎవరి చెయ్యో మెత్తగా తగిలింది, ఆగలేదు.

అతన్ని ఎవరో దారిన పోయేవాళ్లు ఆటోలో వేసుకుని పోయారట. ఏ ఆసుపత్రికో తెలియదు. మేం నలుగురం ఒక్కొక్క ఆసుపత్రి తిరిగాం. కౌంటర్‌లో పేరేంటని అడిగేవాళ్లు. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. నల్లగొండ నుంచి వచ్చిన అన్న అని చెప్తే నవ్విన గుమాస్తా కూడా ఉన్నాడు. మూడో రోజు దొరికాడు. ఎడమ కన్ను పోయింది.

ఆ మూడు రోజులూ కొడుకు కోసం పట్నంలో తిరిగిన అతని తల్లి వచ్చిన రోజు నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఆమె నా దగ్గరికి వచ్చి రెండు పిడికిళ్లతో నా రొమ్ము మీద గుద్దింది. "రెండేండ్లు నీ పక్కన కూసున్న పిల్లగాని పేరు తెల్వదా నీకు? వాని తండ్రి పేరు తెల్వదా? కుక్కను సాదుకున్నోళ్లు గూడ దానికో పేరు పెట్టి పిలుస్తరు కదనే." గుద్దుతూనే ఉంది. నేను అడ్డు పెట్టుకోలేదు. ఆ దెబ్బలు న్యాయమైనవని నాకు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఆ వారమే చిక్కడపల్లిలో ఒక షాపులో అట్ట మందంగా ఉన్న పొడుగు రిజిస్టర్ కొన్నాను. స్కేలు పెట్టి గడులు గీశాను. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, మండలం, కులం, ఇంటి ఫోను, ఇక్కడ ఉంటున్న గది చిరునామా. కులం గడి ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు. మేం నింపే ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది కాబట్టి ఇందులోనూ పెట్టాను. అన్ని గడులూ నింపనివాళ్లకు కుర్చీ లేదని తీర్మానం చేశాం. నన్ను కార్యదర్శిని చేశారు. రిజిస్టర్‌కు పురికొస కట్టి తలుపు పక్కన మేకుకు తగిలించాం. రోజూ సంతకాలూ అందులోనే.

దాని వల్ల మంచి కూడా జరిగింది. ఊళ్ల నుంచి జొన్నరొట్టెల మూటలతో, పచ్చడి డబ్బాలతో వచ్చే తల్లిదండ్రులు అంతకుముందు అశోక్ నగర్ సందులన్నీ తిరిగేవాళ్లు. ఇప్పుడు నేరుగా హాలుకు వచ్చేవాళ్లు. మేం రిజిస్టర్ తిప్పి చూపించేవాళ్లం, వాళ్లు తిన్నగా గదికి పోయేవాళ్లు. కొత్తగా ఎవరు చేరినా తమ వైపు వాళ్లేమోనని అందరూ పేజీలు తిరగేసేవాళ్లు. ఆ రిజిస్టర్‌ను చూసుకుని నేను కొంచెం ఎక్కువగానే మురిసిపోయాను.

రెండేళ్ల తర్వాత, 2012 ఎండాకాలంలో, ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉండేది. పొద్దున హైదర్‌గూడలో మందుల షాపులో పని చేసి, ఒంటిగంటకు హాస్టల్లో అన్నం తిని, రెండింటికి హాలుకు వచ్చేది. మెట్లు కనిపించే కుర్చీలోనే కూర్చునేది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే తల ఎత్తి చూసి మళ్లీ పుస్తకంలోకి పోయేది. మొదటి ఆదివారమే పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. రిజిస్టర్‌లో మాత్రం పేరు రాసి, మిగతా గడులన్నిటిలో చిన్న చిన్న అడ్డగీతలు పెట్టింది. ఊరు తెలియదు కాబట్టి ఆమెను ఎలా పిలవాలో ఎవరికీ తోచలేదు. గీతల పిల్ల అనడం మొదలుపెట్టారు.

"ఇవి నింపాలె," అన్నాను.

"పేరు రాసిన కద అక్క."

"పేరొక్కటి సరిపోదు."

"సరిపోతది. నేను ఈడికి సదువుకునేతందుకు వస్తున్న. ఎవరి బిడ్డను, ఏ కులం, యాడ పండుకుంట, గివన్నీ కుర్చీకెందుకు?"

నాలుగైదు సార్లు అడిగాను. నాలుగైదు సార్లూ అదే జవాబు, అదే నిదానం. ఆ నిదానమే నాకు చిర్రెత్తించింది. కోపంగా మాట్లాడే వాళ్లతో నాకు పోట్లాడ్డం తెలుసు, నెమ్మదిగా కాదనేవాళ్లతో ఏం చెయ్యాలో తెలియదు. చివరికి ఒకరోజు అందరి ముందూ రిజిస్టర్ తెచ్చి ఆమె పుస్తకం మీద పడేశాను. ఈ రోజు నింపు, లేదంటే బ్యాగు తీసుకుని దిగు అన్నాను. నల్లగొండ అన్న కన్ను సంగతి కూడా చెప్పాను, అతను అక్కడే కూర్చుని ఉండగానే.

ఆమె అంతా విన్నది. "ఒక పని చేస్త అక్క. అన్నీ ఒక కాయితం మీద రాసి, కవర్ల పెట్టి అంటిస్త. నాకు ఏమన్న అయితే ఇప్పి చూడుండ్రి. అప్పటిదాంక ఎవరు ఇప్పొద్దు."

అంతకంటే తెలివైన మాట ఆ హాల్లో ఆ ఐదేళ్లలో ఎవరూ అనలేదు. ఆ రోజు నాకు మాత్రం ఎదురు చెప్పినట్టు వినిపించింది. గడులు గీసింది నేను, రూలు పెట్టింది నేను, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు నేర్పిస్తుందా అని ఒళ్లు మండిపోయింది.

"నీదేమన్న దొంగ బతుకా?" అన్నాను.

"చెప్పకపోవుడు దొంగతనం కాదక్క," అన్నది.

కొట్టాను. పెదవి పంటికి తగిలి చిట్లింది. ఆమె చున్నీ కొంగుతో రక్తం తుడుచుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. దెబ్బ పడినందుకు ఆశ్చర్యపోలేదు కూడా. అది నేను చూశాను, ఎందుకలా అని మాత్రం ఆలోచించలేదు. పెన్ను తీసి అడ్డగీతల పక్కన అన్నీ రాసింది. తండ్రి పేరు, ఊరు, మండలం, కులం, ఫోను, హాస్టల్ పేరు, గది నంబరు.

అబద్ధం రాసి ఉండొచ్చు కదా అని తర్వాత చాలామంది అన్నారు. అబద్ధం రాసే మనిషైతే మొదటే రాసేది, గీతలు పెట్టేది కాదు. పైగా గదికి వచ్చి చూసుకుంటానని నేనే బెదిరించాను. పరీక్షకు రెండు నెలలే ఉంది. లైబ్రరీలో కుర్చీ కావాలంటే తెల్లవారకముందే వరుసలో నిలబడాలి, ఆమెకు పొద్దున పని. హాస్టల్ గదిలో మంచాల మధ్య కాలు పెట్టే సందు లేదు. మా హాల్లో ఆ ఒక్క కుర్చీ పోతే ఆమె చదువు పోయినట్టే. అది తెలిసే నేను బెదిరించాను.

రిజిస్టర్ నా చేతికిస్తూ, "ఇది ఎవరికి చూపియ్యవు కద అక్క," అన్నది.

"ఎవరు చూస్తరు నీ బాగోతం," అని మేకుకు తగిలించాను.

చూశారు. మా హాల్లోనే ఆమె పక్క మండలం అతను ఒకడు పేజీలు తిరగేస్తూ చూసి, మా దిక్కు పిల్లే అని సంబరపడ్డాడు. ఊరికి పోయినప్పుడు, మీ వైపు అమ్మాయి పట్నంలో ఫస్టు మార్కులు తెచ్చుకుంటోందని ఎవరితోనో చెప్పాడు. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు.

ఐదు వారాల తర్వాత, మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా, ఒకతను మెట్లెక్కి వచ్చాడు. ముప్పై ఏళ్లు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్.

"నమస్తే అక్క. మా చెల్లె ఈడ సదువుతదట. అమ్మ కూర పంపింది."

గీతల పిల్ల పేరు చెప్పాడు. నేను లేచి రిజిస్టర్ తీసి, ఆమె పేజీ తెరిచి, వరుస మీద వేలు పెట్టి చూపించాను. అతను సందు నంబరు దగ్గర తడబడ్డాడు. పాపం అనుకుని ఒక చీటీ మీద హాస్టల్ పేరు, మెట్లు ఎటువైపో, గది నంబరు, అన్నీ నా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. "ఒంటిగంటకు అన్నానికి వస్తది. ఇప్పుడు పోతే దొరుకుతది," అని కూడా చెప్పాను.

"మీ అసొంటోళ్లు ఉండబట్టే ఆడపిల్లలు పట్నంల భద్రంగ ఉంటున్నరు," అన్నాడు. నాకు చాలా సంతోషమైంది.

పావుగంటకు కేకలు వినిపించాయి. హాస్టల్ మా హాలు వెనక సందులోనే. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

హాస్టల్ ముందు మెట్ల దగ్గర ఆమె బోర్లా పడి ఉంది. అతను ఆమె వీపు మీద మోకాలు పెట్టి, కుడి చెయ్యి లాగి మెట్టు మీద ఆనించి పట్టుకున్నాడు. పక్కన కడుతున్న ఇంటి ముందు నుంచి తెచ్చిన ఇటుక అతని చేతిలో ఉంది. నేను చూస్తుండగా రెండు దెబ్బలు వేశాడు. అంతకుముందు ఎన్ని వేశాడో తెలియదు. అరవడం లేదు, ఊగడం లేదు. మేకు కొట్టే మనిషిలా చూసి చూసి కొడుతున్నాడు. "సంతకం పెట్టిన చెయ్యి ఇదే కద," అంటున్నాడు. ఆమె వేళ్లు ఉండాల్సిన తీరులో లేవు.

నేను అతని మీద పడ్డాను. మణికట్టు కొరికాను, నోట్లోకి రక్తం వచ్చినా వదల్లేదు. మోచేత్తో నా మొహం మీద కొట్టాడు, ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. ఇటుక కింద పడింది. అప్పటికి హాస్టల్ పిల్లలు దిగి వచ్చి చెప్పులతో, బకెట్లతో కొట్టడం మొదలుపెట్టారు. టీ బండి అతను వచ్చి వెనక నుంచి మెడ పట్టుకుని కింద పడేశాడు. చున్నీలతో గేటుకు కట్టేశారు. కట్టేశాక కూడా నేను కొట్టాను. అతని టిఫిన్ క్యారియరే తీసుకుని తల మీద, భుజాల మీద, పిడి ఊడి వచ్చేదాకా కొట్టాను. గిన్నెలు విడిపోయి మెట్ల మీద దొర్లాయి. వాటిలో ఏమీ లేదు. కడిగి తుడిచిన ఖాళీ గిన్నెలు. అది చూశాక ఇంకా కొట్టాను. చచ్చిపోయేవాడేమో, ఎవరో నన్ను జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు.

ఆటోలో ఆమె తల నా ఒళ్లో ఉంది. చెయ్యి తువ్వాలులో చుట్టాం. ఆమె కళ్లు మూసుకునే మాట్లాడింది.

"మా అన్న వదినెను కొడుతుంటే చూసిన. చెవుల నుంచి రక్తం కారింది, ఇగ ఆ చెవి వినవడలే. స్టేషన్ల చెప్పిన. సంతకం పెట్టిన. మూడు నెలలు లోపట ఉండి వచ్చిండు. నాయిన గూడ ఆయన దిక్కే. అందుకే రెండేండ్ల కింద ఇల్లిడిసి వచ్చేసిన."

"హాస్టల్ల చీటీ పైకి పంపి నన్ను పిలిపిచ్చిండు. చీటీ మీద నీ రాత ఉన్నది. నీ రాత చూసే కిందికి దిగిన."

ప్రతి ఆదివారం ఆమె చదివిన ప్రశ్నపత్రాల మీద ఉన్న రాత అది.

ఆసుపత్రి కౌంటర్‌లో గుమాస్తా పేరు అడిగాడు, చెప్పాను. తండ్రి పేరు అడిగాడు. రిజిస్టర్‌లో ఆ వరుస నాకు నోటికి వచ్చు. నోరు తెరిచాను. స్ట్రెచర్ మీద నుంచి ఆమె నన్ను చూసింది. నోరు మూసుకున్నాను.

"తెల్వది," అన్నాను.

"అడ్రస్?"

"అది గూడ రాయొద్దు. పేరు, వయసు రాసుకోండ్రి. చేతికి కట్టు కట్టనీకి తండ్రి పేరెందుకు?"

"అన్నీ నింపాలె మేడమ్, రూల్," అన్నాడు, విసుగేమీ లేకుండా. నా గొంతే నాకు వినిపించినట్టయింది. కౌంటర్ బల్ల మీద పిడికిలితో గుద్దాను. రక్తం కారుతున్న నా నోరు చూసి భయపడ్డాడో ఏమో, పేరు, వయసు రాసి లోపలికి పంపాడు.

ఎముకలు అతుక్కున్నాయి గానీ చూపుడు వేలు, నడిమి వేలు మళ్లీ వంగలేదు. దెబ్బ తగిలిననాటికి పరీక్ష మూడు వారాల్లో ఉంది. ఆమె రాయలేదు. కట్టు విప్పిన రోజే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

కేసులో నేను సాక్షిని. కోర్టులో నా పేరు, నాయన పేరు, కవాడిగూడ ఇంటి నంబరు గట్టిగా చదివారు. అతను అక్కడే నిలబడి వింటున్నాడు. వింటూ నా వైపు చూసి చిన్నగా తల ఆడించాడు. ఆ తర్వాత చాలా నెలలు మా సందులోకి తిరిగేముందు వెనక్కి చూసుకునేదాన్ని. ఇంట్లో తలుపు ఎవరు కొట్టినా చెల్లెలిని తియ్యనిచ్చేదాన్ని కాదు. ఆమె రెండేళ్లు ఎలా బతికిందో అప్పుడు నా ఒంటికి తెలిసింది.

హాల్లో రిజిస్టర్ చింపబోతే నల్లగొండ అన్న అడ్డం వచ్చాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని గుంజుకున్నాం. అతను నన్ను గోడకేసి నెట్టాడు.

"ఇది లేకనే మా అమ్మ మూడు దినాలు పరేషానై తిరిగింది."

"ఇది ఉండబట్టే దాని చెయ్యి పోయింది."

ఇద్దరి మాటా నిజమే, అందుకే ఇద్దరం ఇంకా గట్టిగా గుంజాం. అట్ట అతని చేతిలో, పేజీలు నా చేతిలో మిగిలాయి. ఆ పేజీలు తెచ్చి మా ఇంటి పొయ్యిలో పెట్టాను. తర్వాత హాల్లో అంటించిన కవర్లు పెట్టారని, ఇష్టమున్నవాళ్లు ఇష్టమున్నంత రాస్తున్నారని విన్నాను. నేను కార్యదర్శి పని వదిలేశాను.

ఆమె మళ్లీ 2014లో కనిపించింది. చిక్కడపల్లిలో పాత పుస్తకాల బండి దగ్గర, సాయంత్రం ఐదింటికి. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని, వంగని రెండు వేళ్లతో పేజీలు నెడుతోంది. నన్ను చూసి పారిపోలేదు. నేను సగం పన్నుతో నవ్వబోయి ఆపేశాను.

"ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న."

"సదువుతున్నవా?"

"ఎడమ చేత్తో రాసుడు నేర్చుకున్న. ఈసారి రాస్త."

నా కళ్లలో నీళ్లు వచ్చాయి. సంతోషమో, ఉక్రోషమో, రెండూ కలిసే వచ్చాయి. ఇంకా మాట్లాడాలనిపించింది. అందరం అందరినీ అడిగే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడు యాడ ఉంటున్నవ్?"

ఆమె పుస్తకం బండి మీద పెట్టింది. తొందరేమీ లేకుండా నా మొహంలోకి చూసింది.

"చెప్పనక్క," అన్నది.

అంత జరిగాక కూడా నాలో కోపం భగ్గుమంది. నీ కోసం పన్ను పోగొట్టుకున్నాను, కోర్టుల చుట్టూ తిరిగాను, నాకు కూడా చెప్పవా అని. కుడి చెయ్యి దానంతటదే బిగుసుకుంది. ఆ చెయ్యి ఆమె కూడా చూసింది. చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, కానీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లడం లేదో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. నేను చూస్తుండగా తన గది ఉన్న వైపు నడవడం ఆమెకు ఇష్టం లేదు.

నేను వెనక్కి తిరిగి, బండి వెనక ఉన్న గోడకు ఎదురుగా నిలబడ్డాను. అడుగుల చప్పుడు ఏ వైపు పోతుందో వినపడకుండా చెవులు మూసుకున్నాను. పుస్తకాల అతను ఏమైందమ్మా అని అడిగినట్టున్నాడు. ఆమె వెళ్లిపోయి ఉంటుందని తెలిశాక కూడా నేను చాలాసేపు తిరగలేదు.